తువ్వాల కింద అయిదు వేళ్లు

మా దుకాణం నడుమ గోడ లేచినప్పటి నుంచి మోకు కొలవాలంటే నేను రోడ్డు మీదికి రావాల్సి వస్తోంది.

జనగామలో మాది తాళ్ల దుకాణం. మోకులు, పగ్గాలు, ముకుతాళ్లు, ఎద్దుల మెడగంటలు అమ్మేవాళ్లం. ఇప్పుడు ఎక్కువగా నైలాన్ తాళ్లు, వడ్ల కుప్పల మీద కప్పే టార్పాలిన్లు పోతున్నాయి. నాయిన ఉన్నప్పుడు దుకాణం ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే గది. మోకు ఒక కొస అన్న చేతికిచ్చి ఆ గోడ దగ్గర నిలబెట్టేవాడు. రెండో కొస నా చేతికిచ్చి ఈ గోడ దగ్గర నిలబెట్టేవాడు. మేమిద్దరం లాగి పట్టుకుంటే, నడుమ ఆయన చేతులు చాచి బారలు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. సరిగా లాగకపోతే తాడు వదులుగా వేలాడి కొనేవాడికి లాభం. అందుకే మా ఇద్దరి అరచేతులూ ఎప్పుడూ ఎర్రగా ఉండేవి.

నాయిన పోయాక పంచుకున్నాం. పంపకాల్లో కూడా నేను బేరమే చేశాను. రెండు రోడ్లకూ తెరుచుకునే మూల సగం నేను పట్టాను. లోపలి సగమూ, వెనక గోదామూ అన్నకు మిగిలాయి. మధ్యలో ఇటుక గోడ కట్టించాం. ఆ గోడ కట్టిన మేస్త్రీతో బేరమాడి కూలి తగ్గించింది కూడా నేనే. అప్పట్లో దాన్ని గొప్పగా చెప్పుకునేవాణ్ని.

అన్న కొన్నాళ్లు తన సగంలో కూర్చున్నాడు. తర్వాత షట్టరుకు తాళం వేసి, వదిన పుట్టిల్లు ఉన్న భూపాలపల్లికి వెళ్లి, బొగ్గు గనులకు పోయే దారిలో అదే సరుకుతో కొట్టు పెట్టుకున్నాడు. ఇక్కడ నా సగంలో మోకు చాచడానికి పొడవు చాలదు. కొనడానికి వచ్చిన రైతు చేతికే కొస ఇచ్చి రోడ్డు మీదికి పంపిస్తాను. ఆటో వస్తే ఇద్దరం తాడు నేల మీదికి దించుతాం, పోయాక ఎత్తుతాం. ఒకసారి నర్మెట్ట నుంచి వచ్చిన పెద్దాయన అన్నాడు: "ఏంది సేటూ, కొనేది నేనే, పట్టుకునేది నేనే, మరి నువ్వు చేసేదేంది?"

"బారలు లెక్కవెట్టుడు" అన్నాను.

"గా లెక్క గూడ నేనే పెడ్త గని, నువ్వు ఇంటికి పోయి పండుకో."

నవ్వాను. కానీ ఆ రోజంతా తాడు అవతలి కొస వైపే చూస్తూ ఉండిపోయాను.

*

పోయిన ఏడు దీపావళి దాటిన వారంలో అన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, కారు తీసుకున్న. పాతదే గని ఇంజను మంచిగున్నది. రాజస్థాన్ పోదామా?"

అది వరికోతల కాలం. టార్పాలిన్లకు ఏడాదిలో అంతకు మించిన గిరాకీ ఉండదు. నాకెలాగో ఆయనకూ అంతే. తాళ్ల కొట్టువాడు కోతల్లో షట్టరు దించి ఎడారి చూడ్డానికి పోతున్నాడంటే అందులో వేరే మాట ఉన్నట్టే. భూపాలపల్లి కొట్టు సరిగా నడవడం లేదని నాకు తెలుసు. తాళం వేసి ఉన్న సగాన్ని అద్దెకిమ్మని ఒక సెల్‌ఫోన్ల వ్యాపారి అన్న చుట్టూ తిరుగుతున్నాడనీ, అన్న ఔననీ కాదనీ చెప్పలేదనీ కూడా తెలుసు.

నా భార్య బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది: "గోడ ముచ్చట మాట్లాడనీకె పిలుస్తున్నడు మీ అన్న. పో. దుకాణం నేను చూసుకుంట. పోయి ఆయన అనేదాంక ఆగకు, నువ్వే అను."

నాకూ గోడ తీసేయాలనే ఉంది. ఒకటే గది, రెండు కుర్చీలు, అవతలి కొస పట్టుకోవడానికి మనిషి. కానీ ఆ మాట ముందు ఎవరు అనాలి? మా నాయిన మాకు నేర్పిన మొదటి పాఠం అక్షరాలు కాదు. "ముందు నోరు తెరిచినోడు సగం ఓడిపోయినట్టే" అనేవాడు. ధర ముందు ఎదుటివాడి నోట రావాలి. ఆ పాఠం ఒక్కడికే చెప్పి ఉంటే బాగుండేది. ఇద్దరికీ ఒకే గల్లాపెట్టె ముందు, ఒకే రోజు చెప్పాడు.

రాజస్థానే ఎందుకంటే దానికొక కారణం ఉంది. మా నాయినకు తాళ్లు పంపే టోకు వ్యాపారి ఒక మార్వాడీ సేటు. బాడ్మేర్ పక్క ఊరి నుంచి వచ్చి వరంగల్‌లో స్థిరపడినవాడు. సరుకుతో వచ్చినప్పుడు మా జనపనార మూటల మీద కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, తన దేశం కథలు చెప్పేవాడు. ఎడారి అంచున కిరాడు అనే చోట పాత గుళ్లున్నాయట. పొద్దు గూకాక అక్కడ నిలిచిన మనిషి రాయైపోతాడట. ఆ మాటకు నేను భయపడి నాయిన వెనక్కి నక్కితే, అన్న నా చెయ్యి పట్టుకుని, "పెద్దగైనంక మనిద్దరం పోదాం తమ్మీ. పొద్దు గూకకముందే బయటపడదాం, ఏం కాదు" అన్నాడు. ఆ మాట ఆయన మరిచిపోలేదు. నేను మాత్రం కారులో డీజిల్ ఎవరు పోయించాలా అని ఆలోచిస్తూ ఎక్కాను.

*

అన్నా నేనూ ముందు సీట్లలో, వదిన వెనక. సకినాల డబ్బా, పచ్చడి సీసా, బియ్యం కుక్కరు ఆమె పక్కన. ఆదిలాబాద్ గుట్టలు దిగి నాగపూర్ వైపు పోతుంటే పొలాల్లో పత్తి తెల్లగా పగిలి ఉంది. ఎండలో పదును తగ్గింది. కిటికీ దించితే గాలి మెత్తగా తగిలేది.

నా బేరాలు దారి పొడవునా సాగాయి. లాడ్జిలో గది ధర తగ్గించాక దుప్పట్లు కొసరు అడిగాను. ధాబాలో రొట్టెలు తిన్నాక ఉల్లిగడ్డ ముక్కలు కొసరు అడిగాను. ఒకచోట పంక్చరు వేసినవాణ్ని మిగతా మూడు టైర్లకూ గాలి కొట్టమన్నాను. వాడు కొట్టాడు కానీ, హిందీలో ఏదో అన్నాడు. అన్నకు అర్థమై నవ్వాడు, నాకు చెప్పలేదు.

"టోల్ గేటుకాడ గూడ అద్దం దించుతున్నడు చూడు" అంది వదిన. "అక్కడ మిషనే పైసలు కోసుకుంటది మర్దీ, దానితోని ఏం బేరం చేస్తవ్?"

"అలవాటు వదినా."

"అలవాటా! నువ్వు కాటికి పోయినా ఇంకో కట్టె కొసరు ఎయ్యుమంటవ్."

అన్న స్టీరింగు మీద చెయ్యి కొట్టి నవ్వాడు. ఆ నవ్వు అచ్చం నాయినదే. ఆ నవ్వు తర్వాత కాసేపు కారంతా తేలికైంది. ఇప్పుడంటాడు అనుకున్నాను. ఆయన గేరు మార్చి, "లారీ ముందట పోతలేడు" అన్నాడు.

చిత్తోడ్ దాటాక ఆరావళి కొండలు మొదలయ్యాయి. మన గుట్టల్లా గుండ్రటి బండలు కావు. ఎండిన పశువు వెన్నెముకలా పొడుగ్గా, ఎముకలు తేలి ఉన్నాయి. గుట్ట మీద పాత కోట గోడ కనపడితే వదిన వేలు పెట్టి చూపించేది. ఇంకో గుట్ట, ఇంకో గోడ. "గీ రాజులకు గోడలు కట్టుడు తప్ప వేరే పనే లేకుండెనా?" అంది. ముందు సీట్లలో ఇద్దరం రోడ్డు వైపు చూశాం. అన్న గొంతు సవరించుకున్నాడు. నేను నీళ్ల సీసా అందించాను. ఆయన తాగి మూత పెట్టి ఇచ్చాడు. అంతే.

పుష్కర్ చుట్టూ కొండలు, ఒక పక్క ఇసుక దిబ్బలు. మేము పోయేసరికి అక్కడ ఒంటెల సంత నిండుగా ఉంది. పొగ, పేడ వాసన, గంటల చప్పుడు, నేల మీద కూర్చుని నములుతున్న వందలాది ఒంటెలు. అన్న ఉన్నట్టుండి ఆగి నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"తమ్మీ, అటు చూడు. మానుకోట అంగడిరా!"

ఇద్దరు పెద్ద తలపాగాల మనుషులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. కలిపిన చేతుల మీద శాలువా కప్పి ఉంది. మొహాలు ఆకాశం వైపు, ఏమీ జరగనట్టు. శాలువా కింద మాత్రం వేళ్లు కదులుతున్నాయి.

మహబూబాబాద్‌ను మా వైపు ఇప్పటికీ మానుకోట అనే అంటాం. ఆ వైపు జరిగే పశువుల అంగడికి నాయిన తాళ్లు అమ్మడానికి పోతూ మమ్మల్ని తీసుకుపోయేవాడు. కేసముద్రం దాటేసరికి ధాన్యం బస్తాల లారీలు అడ్డం పడి, మేము చేరేసరికి పొద్దెక్కేది. అక్కడ ఎద్దుల ధర ఎవరూ నోటితో అనరు. తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. ఒప్పుకుంటే తిరిగి నొక్కుతారు. చిటికెన వేలు మడిచారంటే "ఇంకొంచెం దిగు" అని. చుట్టూ వందమంది ఉన్నా ఆ మాట ఇద్దరికే తెలుస్తుంది. మా నాయిన ఒక్క దోస్తుతో మాత్రం వేళ్లు లెక్కపెట్టేవాడు కాదు. అయిదు వేళ్లూ కలిపి చెయ్యి మొత్తం పట్టుకునేవాడు. అదేమిటని అడిగితే, "నువ్వెంతంటే గంత అన్నట్టు" అన్నాడు. అది అందరితో చేసే బేరం కాదట. ఆ తర్వాత అన్నా నేనూ ఇంట్లో గోలీలకూ, జామకాయలకూ తువ్వాల కిందే బేరం చేసుకునేవాళ్లం. ఆటలో కూడా నేనెప్పుడూ చిటికెన వేలు మడవకుండా ఒప్పుకోలేదు.

సంతలో ఒంటె సామాన్లు అమ్మేచోట అన్న ఒక మోకు దగ్గర ఆగిపోయాడు. ఒంటె వెంట్రుకలతో పేనినది, నలుపూ తెలుపూ కలిసి పాము ఒంటిలా ఉంది. చేతిలోకి తీసుకుని, పురి విప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అమ్మేవాడు ధర చెప్పాడు. అన్న జేబులో చెయ్యి పెట్టాడు.

"అన్నా, ఆగు! నేనడుగుత" అని అడ్డం పడ్డాను.

"వద్దురా."

"అరె, సగం చెప్తె సరిపోయేదానికి..."

"దర్వాజకు కట్టే మోకు బేరం చెయ్యొద్దని నాయిన చెప్పిండు గద."

ప్రతి దసరాకూ నాయిన దుకాణం దర్వాజ మీద కొత్త మోకు ఒకటి అడ్డంగా కట్టేవాడు. ఏడాదంతా అది అలాగే ఉండేది. ఎవరు అడిగినా అమ్మేవాడు కాదు. ఆ ఒక్క తాడుకు మాత్రం ఆయన సేటును ధర తగ్గించమని అడగలేదు. గోడ కట్టినప్పుడు మేస్త్రీ పాత దర్వాజ పీకేశాడు. అప్పటి నుంచి నా సగానికీ, అన్న సగానికీ ఉన్నవి ఇనుప షట్టర్లే. భూపాలపల్లి కొట్టుకూ అంతే. మోకు కట్టడానికి దర్వాజ అనేది మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

"ఏ దర్వాజకు అన్నా?" అని నేను అడగాలి. ఆయన నా మొహంలోకి చూస్తూ ఆ మాట కోసమే నిలబడ్డాడు. అడిగితే నేను నోరు తెరిచినట్టు. "మంచిగుంది మోకు" అన్నాను.

వదిన ఆ చుట్టను సంకలో పెట్టుకుని ముందు నడిచింది.

*

జోధ్‌పూర్ దాటాక ఇసుక రోడ్డు మీదికి నాలుకలు చాచింది. చెట్లు పలచబడ్డాయి. ఉన్నదల్లా ఒకే రకం చెట్టు, వంకర మాను, సన్నటి ఆకు. వదిన కారు ఆపమని కేక వేసింది.

"జమ్మి గదా! మన జమ్మి చెట్టే! ఇక్కడ అడివంతా బంగారమేనాయె!"

దిగి పోయి గుప్పెడు ఆకు తెంపుకొచ్చి నా చేతిలో పోసింది. మా వైపు దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారం అంటాం. పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం, పగబట్టినవాళ్లు కూడా ఆ పూట అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటారు. గోడ లేచినప్పటి నుంచి మేమిద్దరం ఒకరి చేతిలో ఒకరం ఆకు పెట్టుకోలేదు. భూపాలపల్లి దూరమన్నది సాకు.

"ఏం చూస్తున్నవ్ మర్దీ? ఇయ్యి మీ అన్నకు. ఇంత దూరమొచ్చింది ఎందుకు మల్ల?"

అన్న చేతిలో పోశాను. వంగి కాళ్లు మొక్కబోతే లేపి కావలించుకోబోయాడు. అంతలో వెనక నుంచి లారీ హారను మోగింది. కారు రోడ్డుకు అడ్డంగా ఉంది. భుజాలు తగిలీ తగలకుండానే విడిపోయి తలో పక్కా ఎక్కేశాం. అన్న ఆకును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, "మన దానికన్న సన్నగున్నది" అన్నాడు. వెనక సీటులో వదిన నుదురు కొట్టుకున్న చప్పుడు వినపడింది.

కిరాడు చేరేసరికి ఎండ వాలుతోంది. గుట్ట కింద ముళ్ల పొదల నడుమ అయిదారు గుళ్లు. కొన్నిటికి శిఖరం లేదు, కొన్నిటికి గోడలే లేవు. స్తంభాలు మాత్రం నిన్న చెక్కినట్టున్నాయి. ఏనుగులు, గుర్రాలు, నాట్యం చేసే ఆడవాళ్లు. విరిగిన రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి, మా గోదాములో తాళ్ల చుట్టల్లాగా.

"మా గణపురం కోటగుళ్లు గూడ ఇట్లనే ఉంటయి" అన్నాడు అన్న. "భూపాలపల్లి నుంచి గింత దూరం. ఎన్నిసార్లు రమ్మన్న? ఒక్కసారన్న వచ్చినవా?"

"వస్త తియ్యి."

కాపలా మనిషి మా వెంట నడుస్తూ కథ చెప్పాడు. అన్న తెలుగులోకి మార్చి వదినకు చెప్పాడు. ఒక సాధువు తన శిష్యుణ్ని ఈ ఊళ్లో వదిలిపోతే ఎవరూ పట్టించుకోలేదట. ఒక కుమ్మరామె మాత్రం అన్నం పెట్టిందట. సాధువు తిరిగొచ్చి ఊరంతా రాయైపోవాలని శపించి, ఆమెతో, "నువ్వు పో, వెనక్కి మాత్రం చూడకు" అన్నాడట. ఆమె పొలిమేర దాకా పోయి చూసిందట. అక్కడే రాయైపోయిందట.

"చూడకేం జేస్తది పాపం" అంది వదిన. "ఆవంల కుండలు కాలుతున్నయో ఆరిపోయినయో అని చూసి ఉంటది."

నాకు మాత్రం నాయిన గుర్తొచ్చాడు. బేరం తెగకపోతే లేచి నడవాలి, నడిచేటప్పుడు వెనక్కి చూడకూడదు, చూస్తే సరుకు మీద నీకు మనసున్నట్టు తెలిసిపోతుంది, వాడు పిలుస్తాడు, పిలిచేదాకా నడువు అనేవాడు. ఆ కుమ్మరామె మా నాయిన దగ్గర పెరిగి ఉంటే బతికిపోయేది అనుకుని, నాలో నేనే నవ్వుకున్నాను.

వదిన కాపలా మనిషితో గేటు వైపు నడిచింది. అన్నా నేనూ పెద్ద గుడి మెట్ల మీద కూర్చున్నాం. రాళ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి. స్తంభాల నీడలు పొడవై మా కాళ్ల మీదికి వచ్చాయి. తర్వాత అన్న భుజం మీది తువ్వాల తీశాడు. నా కుడి చెయ్యి లాక్కుని, తన చెయ్యి కలిపి, మీద తువ్వాల కప్పాడు. మొహం గుట్ట వైపు తిప్పుకున్నాడు, అంగడిలో లాగానే.

ఆయన వేళ్లు నా వేళ్లను వెతుక్కున్నాయి. ఒకటి, రెండు అని పట్టలేదు. అయిదూ కలిపి చెయ్యి మొత్తం పట్టుకున్నాడు. గట్టిగా.

నువ్వెంతంటే గంత.

గోడ తీసే ఖర్చు ఎవరిది, మూల ఎవరిది, గల్లా దగ్గర ఎవరు కూర్చోవాలి, అన్నీ నా ఇష్టమే అన్నాడు. మా ఇంట్లో పెద్దవాడు చిన్నవాణ్ని అంతకంటే అడగలేడు. నేను తిరిగి నొక్కితే చాలు. చెయ్యి నాదే, కానీ అది నన్ను అడగలేదు. నా చిటికెన వేలు లోపలికి మడుచుకుంది.

ఇంకొంచెం దిగు.

అన్నీ ఇచ్చినవాణ్ని కొసరు అడిగాను. ఏమని అడిగానో నాకే తెలియదు. అడగడానికి అవతల ఏమీ మిగల్లేదు.

అన్న చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉండి వదులైంది. ఆయన కోపపడలేదు. తువ్వాల తీసి, ఇసుక దులిపి, భుజాన వేసుకున్నాడు. "పోదాం పా, పొద్దు గూకుతున్నది" అన్నాడు.

గేటు దాకా ఆయన ముందు, నేను వెనక. ఆయన వెనక్కి చూడలేదు, నేను పిలవలేదు. ఆ నడకలో నేనేమనుకున్నానో దాచుకోవడం ఎందుకు? మొదటి మాటకే ఇంత దిగినవాడు మళ్లీ అడుగుతాడు అనుకున్నాను. తిరుగు దారి చాలా ఉంది. ఈసారి నొక్కేస్తాను అనుకున్నాను.

*

తిరుగు దారిలో నేను స్టీరింగు పట్టనప్పుడల్లా నా చెయ్యి గేరు పక్కన, అందేట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఆరావళి దాటాం. చాయ్ తాగాం. నాగపూర్‌లో సంత్రాలు కొన్నాం. నేను బేరం చేస్తుంటే అన్న పక్కకు తిరిగి నిలబడ్డాడు, అంతకు ముందు నవ్వేవాడు. తువ్వాల ఆయన భుజం దిగలేదు.

జనగామలో నన్ను దింపడానికి దుకాణం ముందే కారు ఆపాడు. ఎండ ఉంది ఇంకా. నా సగం తెరిచి ఉంది, నా భార్య ఎవరికో టార్పాలిన్ మడిచి ఇస్తోంది. అన్న కారు దిగకుండా తన షట్టరు వైపు చూశాడు.

"తాళం తుప్పువట్టింది" అన్నాడు.

ఇప్పుడు తెలుస్తోంది, అది రెండోసారి అడగడమే. అప్పుడు నేను తాళం సంగతే అనుకున్నాను.

"జర కొబ్బరినూనె ఏస్తె వస్తది అన్నా."

"ఆఁ" అన్నాడు. కాసేపు ఆగాడు. "మరి పోతం" అన్నాడు. వదిన వెనక సీటులోంచి నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ప్రయాణం మొత్తంలో అదే మొదటిసారి.

చలి పోకముందే ఫోన్ వచ్చింది. "ఆ సెల్‌ఫోన్లాయనకు ఇచ్చేసిన తమ్మీ. మంచోడే. నీకేమన్న పరేషాన్ చేస్తే చెప్పు." మంచిది అన్నాను. ఆ వారమే అవతల అరలు బిగించారు. గోడకు రంధ్రాలు వేస్తుంటే ఒకచోట డ్రిల్లు మొన నా వైపుకు పొడుచుకొచ్చింది. నా ముకుతాళ్ల మీద ఎర్రటి ఇటుక పొడి రాలింది. నా భార్య చీపురు తెచ్చి ఊడ్చింది. "నువ్వే అనుమన్న గద" అని మాత్రం అనలేదు. అంటే బాగుండేది.

*

ఈసారి దసరా అయ్యాక నేనే భూపాలపల్లి బస్సెక్కాను. కోటగుళ్లు చూస్తానని చెప్పాను. అన్న పొద్దున్నే తీసుకుపోయి గుడిగుడికీ తిప్పి చూపించాడు, విరిగిన రాయి రాయి దగ్గరా ఆగి, సొంత సరుకు చూపించినట్టు. కిరాడు మాట ఎవరం ఎత్తలేదు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోతే కనపడింది. ఇంటి స్తంభం నుంచి మునగచెట్టుకు బిగించి కట్టి ఉంది ఆ ఒంటె వెంట్రుకల మోకు. దాని మీద వదిన చీరలు, అన్న లుంగీ, ఒక తువ్వాల.

నేను చూస్తూ నిలబడటం వదిన చూసింది. "మస్తు గట్టి మోకు మర్దీ. వానలకు నానింది, ఎండలకు ఎండింది, ఏం కాలే" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తెచ్చినంక కొన్నాళ్లు చుట్ట చుట్టే ఉంచిండు. ముట్టనియ్యలే" అంది.

అన్న వెనకే వచ్చాడు. నేను ఎన్నాళ్లుగానో మోస్తున్న మాట అప్పుడు నోటికొచ్చింది. "అన్నా, తిరిగొచ్చేటప్పుడు నువ్వు మల్ల అడుగుతవనుకున్న."

"నువ్వు మల్ల చెయ్యిస్తవని నేను చూసిన" అన్నాడు ఆయన. "నాగపూర్ దాంక చూసిన. మీ దుకాణం ముంగట గూడ చూసిన."

వదిన తడిబట్ట పిండుతూ, "ఇద్దరికి ఇద్దరు దుకాణందార్లే. కొనేటోడు ఒక్కడు లేకపాయె" అంది.

దండెం మీది తువ్వాల లాగాను. ఆయన చెయ్యి పట్టుకుని మీద కప్పి, అయిదు వేళ్లూ కలిపి పట్టుకున్నాను. ఆయన చెయ్యి బరువుగా, కొద్దిగా తడిగా ఉంది. వేళ్లు కదలలేదు, మడుచుకోలేదు, నొక్కలేదు.

"అంగడి లేసిపోయినంక ఏం బేరం రా తమ్మీ?" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు, నవ్వు కూడా లేదు.

చెయ్యి మాత్రం వెంటనే తీసుకోలేదు. కాసేపయ్యాక తీసుకుని, ఆ తువ్వాలను తిరిగి మోకు మీద ఆరేశాడు. కొసలు రెండూ సరిగ్గా వచ్చేట్టు లాగాడు. నేను ఈ కొస పట్టుకున్నాను.